పగడపు గట్టు దాటి లోపలికి

ఫ్రెంచ్ పాలినీషియాలోని టువామోటు దీవులకు తెరచాప పడవ మీద వచ్చేవాళ్ళు ఎంత ఉత్సాహంగా బయలుదేరినా, చివరి రాత్రి మాత్రం చాపలు సగానికి కుదించుకుని, కావాలనే నెమ్మదిగా వస్తారు. చీకట్లో అక్కడికి చేరడం కన్నా చేరకపోవడమే మేలు. ఎనభైకి కాస్త తక్కువగా ఉన్న ఆ పగడపు దీవుల్లో నేల సముద్రమట్టం నుంచి రెండు మూడు మీటర్లకు మించి లేవదు. పట్టపగలు కూడా పడవ మీద నిలబడి చూస్తే, ఎనిమిది పది నాటికల్ మైళ్ళ దగ్గరికి వచ్చేదాకా ఏమీ కనబడదు. ఆ తరువాత కనబడేవి కూడా నీళ్ళలోంచే మొలిచినట్టుండే కొబ్బరి తలలు మాత్రమే. 1768లో ఇటు వచ్చిన ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ ఈ ప్రాంతాన్ని ప్రమాదకర ద్వీపసమూహం అన్నాడు. ఉపగ్రహాలతో దారి చూసుకునే రోజులు వచ్చేదాకా, మార్కేసస్ దీవుల నుంచి తాహితీకి పోయే చిన్న పడవల వాళ్ళలో చాలామంది ఈ దీవుల జోలికి రాకుండా చుట్టు తిరిగి పోయేవారు.

నేను ఆ దారిన వెళ్ళింది 2014లో. అప్పటికి ఆక్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగ విరమణ చేసిన ఒక న్యూజిలాండ్ దంపతులు తమ పన్నెండు మీటర్ల పడవను పనామా మీదుగా ఇంటికి తెచ్చుకుంటూ, రాత్రి కాపలాలకు మూడో మనిషి కావాలని అడిగితే, సెలవు పెట్టి మార్కేసస్‌లోని నూకు హీవా దీవిలో, తాయోహాయ్ రేవులో వాళ్ళను కలిశాను. అంతర్వేదికి దగ్గరలో, గోదావరి సముద్రంలో కలిసే చోట పెరిగినవాణ్ణి కాబట్టి పోటూ పాటూ నాకు కొత్త కాదనుకున్నాను కానీ, సముద్రం మధ్యలో ఉండే మొగ, అంటే పగడపు గట్టుకు పడిన గండి, ఎలా ఉంటుందో అప్పటికి చూడలేదు.

మార్కేసస్ నుంచి మా తొలి మజిలీ అయిన రరోయాకు నాలుగు వందలకు పైగా నాటికల్ మైళ్ళు. వ్యాపార పవనాలు ఎడమవైపు నుంచి నిలకడగా వీస్తూంటే, మూడు గంటలకొకసారి కాపలా మార్చుకుంటూ సాగిపోవడమే తప్ప దారిలో పెద్దగా చెప్పుకోవలసింది ఏమీ జరగలేదు. చివరి సాయంత్రం మాత్రం కెప్టెన్ నన్ను పిలిచి పక్షులను చూపించాడు. పగలంతా సముద్రం మీద వేటాడిన తెల్లటి టెర్న్ పక్షులు, నాడీ అనే నల్లటి సముద్రపు పక్షులు చీకటి పడే వేళకు తిన్నగా గూటికే పోతాయి. అవి ఎటు పోతే నేల అటే. పగటి వేళ లగూన్ మీద, అంటే పగడపు గట్టు లోపలి ఉప్పునీటి మడుగు మీద, నిలిచిన మేఘం అడుగు భాగం లేత ఆకుపచ్చగా కనిపించడం మరో గుర్తు. దిక్సూచి లేకుండా జంట పడవల మీద ఈ మహాసముద్రమంతా తిరిగి దీవి దీవికీ మనుషులను చేర్చిన పాలినీషియన్లకు ఇవన్నీ అక్షరాలతో సమానం. 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కిన రాయతేయా దీవి పండితుడు తుపాయా, తాను ఎరిగిన డజన్ల కొద్దీ దీవులను కాగితం మీద గుర్తించి చూపించాడంటే ఆ చదువు ఏ స్థాయిదో ఊహించుకోవచ్చు. మా జీపీఎస్ తెర మీద రరోయా అంగుళం మేర చక్కగానే కనిపిస్తున్నా, నా కళ్ళు ఆ పక్షుల మీదే ఉన్నాయి.

తెల్లవారాక చూస్తే మొగ ముందు నీళ్ళు మరుగుతున్నట్టున్నాయి. పగడపు దీవి అంటే నిజానికి దీవి కాదు, పగిలిన గాజు ముక్కలను గుండ్రంగా పేర్చినట్టు సముద్రంలో ఉండే ఒక గట్టు. గట్టు మీద అక్కడక్కడా ఇసుక పేరుకుని లంకలవుతాయి, మధ్యలో ఉండేది లగూన్. రరోయా లగూన్ పొడవు నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులోకి నీళ్ళు రెండు విధాలుగా వస్తాయి. పోటు వేళ మొగ గుండా వచ్చేవి కొన్ని. గాలి వీచే వైపున కెరటాలు విరిగి గట్టు మీదుగా రాత్రింబగళ్ళు దొర్లి వచ్చేవి ఇంకెన్నో. ఇన్ని నీళ్ళకూ బయటికి పోవడానికి పడమటి వైపున్న ఆ ఒక్క మొగే దారి. అందువల్ల గాలి జోరుగా ఉన్న వారాల్లో పోటు వచ్చినా నీళ్ళు లోపలికి తిరగక బయటికే పోతూ ఉండవచ్చు, పోటు పాటుల పట్టికలో రాసిన గంటకు నీళ్ళు నిలబడనూ వచ్చు, నిలబడకపోనూ వచ్చు. కొన్ని దీవుల మొగల్లో ప్రవాహం గంటకు ఎనిమిది నాటికల్ మైళ్ళ దాకా ఉంటుంది. మా ఇంజను శక్తి అంతా కలిపితే ఆరు.

కాబట్టి ఎదురుచూశాం. గంట తరువాత గంట, మొగకు మైలు దూరంలో అటూ ఇటూ తిరుగుతూ, దుర్భిణీలో నురుగును చూస్తూ. కెప్టెన్ భార్య టీ మీద టీ పెట్టింది. నీళ్ళు పూర్తిగా నిలబడేదాకా ఎందుకు, కాస్త నెమ్మదించగానే లోపలికి వచ్చే ప్రవాహంతో పాటు దూసుకుపోవచ్చు కదా అని నేను అడిగితే, కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. వెనక నుంచి తోసే నీళ్ళలో చుక్కానికి పట్టు చిక్కదు, పడవ ఎటు తిరిగేదీ మన చేతుల్లో ఉండదు. పోతే కొద్దిపాటి ఎదురు ప్రవాహంలోనే పోవాలని ఆయన లెక్క. మధ్యాహ్నానికి నురుగు పలచబడింది. ఇంజను గట్టిగా మోగుతున్నా పడవ నడక వేగంతో ముందుకు కదిలింది. రెండు పక్కలా గోధుమ రంగు పగడాల మీద కెరటాలు విరుగుతున్నాయి, మధ్యలో మా నీళ్ళు మాత్రం నూనె పోసినట్టు సుడులు తిరుగుతూ జారిపోతున్నాయి. పడవ ముక్కు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు గుంజుకుపోతూంటే కెప్టెన్ మాట్లాడకుండా చుక్కాని తిప్పుతున్నాడు. పది నిమిషాలకు ఊగడం ఆగిపోయింది. నాలుగు రోజులుగా కాళ్ళకు అలవాటైన ఆ ఊపు ఒక్కసారిగా లేకపోయేసరికి నేను తూలి కమ్మీ పట్టుకున్నాను.

ఊరి ఎదుట ఒక రాత్రి లంగరు వేసి, మర్నాడు లగూన్‌ను అడ్డంగా దాటి తూర్పు గట్టుకు వెళ్ళాం. ఆ ప్రయాణం మధ్యాహ్నం దాటాకే చేయాలి. సూర్యుడు వెనుక, పైన ఉన్నప్పుడే నీటి అడుగున ఏముందో తెలుస్తుంది. ఎదురు ఎండలో లగూన్ అంతా వెండి రేకులా మెరిసి ఏదీ కనబడనివ్వదు. ముప్ఫై నలభై మీటర్ల లోతు నుంచి నీటి మట్టం దాకా నిటారుగా లేచిన పగడపు స్తంభాలు లగూన్ నిండా ఉంటాయి, పటాల్లో అన్నీ ఉండవు. నన్ను తెరచాప స్తంభం మధ్యలోని అడ్డ కమ్మీ మీదికి తాడు కట్టి ఎక్కించారు. ముదురు నీలం ఉంటే పో, లేత ఆకుపచ్చ అయితే నెమ్మదించు, పసుపు గోధుమ కనిపిస్తే తప్పించు: అదీ నాకు నేర్పిన పాఠం. ఒక మేఘం సూర్యుడికి అడ్డం వచ్చినప్పుడు రంగులన్నీ చెరిపేసినట్టు పోయేవి. అప్పుడు ఇంజను ఆపి, మేఘం తొలగిందాకా ఉన్న చోటే నిలబడేవాళ్ళం. పైనుంచి చూస్తే ప్రతి స్తంభం చుట్టూ పచ్చటి అంచు, నడుమ తుప్పు రంగు, దాని మీద నీలి చేపల గుంపులు. ఇంత అందమైన వస్తువులకు ఇంతగా భయపడవలసి రావడం నాకు మరెక్కడా తటస్థించలేదు.

లంగరు వేయడంలోనూ ఒక కిటుకు ఉంది. గొలుసు నేల మీద పడి ఉంటే గాలి తిరిగినప్పుడల్లా పగడాలకు చుట్టుకుంటుంది, వాటిని విరుస్తుంది కూడా. అందుకని ముత్యాల సాగు వాళ్ళు వాడి వదిలేసిన నల్లటి తేలుడు బంతులను ఒడ్డున ఏరుకుని, గొలుసుకు అక్కడక్కడా కట్టి, అది నీటి మధ్యలో తేలుతూ ఉండేలా చేస్తారు. నల్ల ముత్యాల సాగుకు ఈ దీవులు పెట్టింది పేరు. వదిలేసిన సాగు తాళ్ళు ఇంజను రెక్కలకు చుట్టుకునే బెడద ఎంతో, దొరికిన బంతుల ఉపయోగం అంత.

తూర్పు గట్టు మీద మేము దిగిన లంక చరిత్రలో ఒకసారి గట్టిగా వినిపించిన చోటు. 1947 ఏప్రిల్ 28న పెరూ దేశపు కయావో రేవు నుంచి బాల్సా దుంగల తెప్ప మీద బయలుదేరిన ఆరుగురు, 101 రోజుల తరువాత, ఆగస్టు 7న వచ్చి ఢీకొన్నది ఈ గట్టుకే. కోన్-టికీ అనే ఆ తెప్ప నాయకుడు థోర్ హేయర్డాల్. చిన్న లంక మీద వాళ్ళ జ్ఞాపకార్థం ఒక రాయి ఉంది, అంతకు మించి ఏమీ లేదు. గట్టు బయటి వైపుకు నడిచి వెళ్ళి, మనిషెత్తు కెరటాలు పగడాల మీద కూలుతూంటే చూశాక, తెప్పలో ఉన్నవాళ్ళు ఎలా బతికారా అనిపించింది. పాలినీషియన్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్న హేయర్డాల్ వాదం నిలబడలేదు. భాషలూ, తవ్వకాలూ, జన్యువులూ అన్నీ వాళ్ళు పడమటి నుంచి, గాలికి ఎదురు ప్రయాణించి వచ్చారనే చెబుతున్నాయి. గాలివాటంగా కొట్టుకురావడం కన్నా అదే పెద్ద సాహసం అని నా అభిప్రాయం, కానీ దానికి ఎక్కడా స్మారకం కనబడలేదు.

ఈ గట్టు ఎలా ఏర్పడిందో మొదట సరిగ్గా ఊహించినవాడు చార్లెస్ డార్విన్. అగ్నిపర్వతపు దీవి చుట్టూ పగడాలు పెరుగుతాయి, పర్వతం యుగాల తరబడి మెల్లగా కుంగిపోతూంటే పగడాలు వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ పోతాయి, చివరికి పర్వతం మునిగి ఉంగరం మిగులుతుందని ఆయన 1842లో రాశాడు. మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్‌లో 1952లో తవ్విన బోరు వెయ్యి మీటర్లకు పైగా సున్నపురాయిని దాటి అగ్నిశిలను తాకడంతో ఆ మాట రుజువైంది. రాత్రి లంగరు గొలుసు గొణుగుతూంటే, మా కింద మునిగిపోయిన కొండ ఒకటి ఉందన్న ఆలోచనతో నిద్ర పట్టేది కాదు.

తిరిగి ఊరికి వచ్చాక అక్కడ ఉన్న రోజులే నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా దగ్గరైనవి. దానికి కారణం కొబ్బరి. ఊరి వెనక తోటలో ప్రతి చెట్టు మొండేనికీ మనిషెత్తుకు పైన ఒక రేకు పట్టీ బిగించి ఉంది, ఎలుకలూ పీతలూ జారిపోయి పైకి ఎక్కలేకుండా. మా కోనసీమలో దింపు కార్మికులు నెలన్నరకో రెండు నెలలకో చెట్టెక్కి కాయ దింపుతారు. ఇక్కడ ఎవరూ చెట్టెక్కరు, పండి రాలిన కాయనే ఏరుకుంటారు. వొలవడమన్న పనే లేదు. డొక్కతో సహా కాయను గొడ్డలితో ఒక్క వేటుకు రెండు చెక్కలు చేసి, ఎండనిచ్చి, వంపు తిరిగిన కత్తితో కొబ్బరిని పెకలించి, చక్రాల మీద జరిగే కప్పున్న అట్టకాల మీద ఆరబోస్తారు. వాన చినుకు పడితే కప్పును లాగేస్తారు. ఎండిన కొబ్బరిని సంచుల్లో నింపి పెడితే తాహితీ నుంచి వచ్చే సరుకుల ఓడ తీసుకుపోతుంది; ప్రభుత్వం రాయితీ ఇచ్చి ధర నిలబెట్టకపోతే ఈ పని ఎవరికీ గిట్టదు. నేను గొడ్డలి అందుకుని కొట్టిన కాయలు చూసి ఒక పెద్దాయన చాలా సేపు నవ్వాడు. మొలకెత్తిన కాయలోని కొబ్బరి పువ్వును మాత్రం నేను చూడగానే గుర్తుపట్టి చెయ్యి చాచాను. ఆయనకు నచ్చిన సంగతి అదే అనుకుంటాను, మర్నాడు ఆ పువ్వును తురిమి పిండిలో కలిపి పోసిన అట్లు ఇంటి నుంచి తెచ్చి ఇచ్చాడు. మాకు ఉమ్మడిగా ఉన్న భాష నాలుగు ఫ్రెంచి ముక్కలూ చేతి సైగలూ. కుర్రతనంలో మొరురోవాలో కూలికి వెళ్ళానని ఆ ముక్కల్లోనే చెప్పాడు. దక్షిణాన ఉన్న ఆ పగడపు దీవిలోనూ, దాని పక్కనే ఉన్న ఫంగటౌఫాలోనూ ఫ్రాన్స్ 1966 నుంచి 1996 దాకా 193 అణు పరీక్షలు చేసింది. జీతం బాగుండేదని మాత్రం అని, గొడ్డలి తీసుకుని లేచాడు.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ ఊళ్ళ గురించి ఏమీ చెప్పనట్టే. ఏరు లేదు, చెరువు లేదు, మట్టి కూడా లేదు. కురిసిన వాన పగడపు ఇసుకలోంచి కిందికి జారిపోతుంది. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కన్నా తేలిక కాబట్టి భూమి లోపల ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతూ ఉంటాయి, ఎక్కువ తోడితే కింది నుంచి ఉప్పు పైకి వస్తుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో బోరు లోతుకు వేసి ఉప్పు కొట్టించుకున్న మా వాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. పూర్వం తడి తగిలేదాకా గుంతలు తవ్వి, ఆకులు కుళ్ళబెట్టి, వాటిలో చేమ పండించేవారట. ఇప్పుడు తాగే నీళ్ళు ఇంటి కప్పు మీద పడిన వానే. ప్రతి ఇంటికీ గొట్టాలు, పక్కన పెద్ద తొట్టి. పడవల వాళ్ళు వచ్చి నీళ్ళు అడగడం అక్కడ మర్యాద కాదు.

టువామోటుల్లోనే మరో పగడపు దీవి అయిన ఫకరవా గురించి తక్కువే చెబుతాను, దాన్ని చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఉత్తర చివర రొటోఅవా గ్రామంలో ఫ్రెంచి వాళ్ళ పొడుగు బ్రెడ్డు వేడివేడిగా దొరుకుతుంది, దానికోసం పడవల వాళ్ళంతా పొద్దున్నే వరుస కడతారు. దక్షిణపు మొగలో జూన్, జూలై నెలల్లో గ్రూపర్ చేపలు పున్నమికి గుడ్లు పెట్టడానికి వేల సంఖ్యలో చేరుతాయి, వాటి కోసం వందల సంఖ్యలో బూడిద రంగు సొరచేపలు. లోపలికి వచ్చే ప్రవాహంలో ముఖానికి అద్దం కట్టుకుని, డింగీ అనే చిన్న పడవ తాడు పట్టుకుని తేలుతూ పోతే, అవి కింద గోడ కట్టినట్టు ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి కూడా తల తిప్పి చూడలేదు. ఆ నిర్లక్ష్యానికి నేను ఎంతో కృతజ్ఞుణ్ణి.

ఆ యేడే బోరా బోరా దాటాక కుక్ దీవుల్లోని సువారోలో ఆగాం. 1814లో రష్యన్ ఓడ సువోరోవ్ చూసి పోయినందుకు ఆ పేరు. ఊరంటూ లేని ఈ పగడపు దీవి 1978 నుంచి జాతీయ ఉద్యానం. తుపాన్లు లేని నెలల్లో మాత్రం ఇద్దరు కాపలాదారులు ఉంటారు. చేపల వ్యర్థాలు నీళ్ళలో వేయకూడదు, వేస్తే సొరచేపలు పడవల చుట్టూ మరుగుతాయి. టెర్న్ పక్షుల గోల ఎంతంటే ఒడ్డున పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. 1942లో ఇక్కడ పెద్ద తుపాను వచ్చినప్పుడు రాబర్ట్ డీన్ ఫ్రిస్బీ అనే అమెరికన్ రచయిత తన నలుగురు పిల్లలనూ చెట్లకు కట్టేసి కాపాడుకున్నాడు. ఆ కథ విని ఆశ పుట్టి వచ్చినవాడు న్యూజిలాండర్ టామ్ నీల్. యాభయ్యో ఏట, 1952లో, ఒంటరిగా కాపురం పెట్టాడు. రెండేళ్ళకు నడుము పట్టేసి కదలలేక పడి ఉంటే, అనుకోకుండా వచ్చిన ఒక పడవ వాళ్ళు చూసి బతికించారు. అయినా మళ్ళీ వచ్చాడు, 1977 దాకా వస్తూనే ఉన్నాడు. ఆయన ఉన్న చోట కలగన్న బతుకు బతికాడని రాసిన రాయి ఉంది. నాకు ఆ కల మీద కన్నా కాపలాదారుల్లో ఒకాయన మీద గౌరవం కలిగింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్కును రోజూ ఏరి కుప్ప పోయడం ఆయన పని, రోజూ మళ్ళీ అంతే వచ్చేది.

కుక్ దీవుల్లోదే మరో పగడపు దీవి పామర్‌స్టన్ చూసింది 2016లో, అదే పడవ మీద. దాని గట్టుకు పెద్ద పడవ పట్టే మొగే లేదు. పడమటి వైపు, గట్టు బయట, లోతు నీళ్ళలో కట్టిన తేలుడు బంతికి పడవను కట్టుకోవాలి. గాలి తూర్పు నుంచి ఉన్నంతసేపే అది రక్షణ, పడమటికి తిరిగితే అదే మృత్యువు. మమ్మల్ని చూసి మొదట ఏ ఇంటివాళ్ళు అల్యూమినియం పడవ మీద ఎదురొస్తే, ఉన్నన్నాళ్ళూ మేము వాళ్ళ అతిథులం. అది అక్కడి కట్టుబాటు. 1863లో విలియం మార్స్టర్స్ అనే ఇంగ్లీషువాడు పాలినీషియన్ భార్యలతో వచ్చి స్థిరపడ్డాడు. ముగ్గురు భార్యల సంతతికీ దీవిని మూడుగా పంచి ఇచ్చాడు. మేము వెళ్ళినప్పుడున్న అరవై మంది దాకా జనమూ దాదాపు ఆయన వారసులే. సరుకుల ఓడ ఏడాదికి కొన్నిసార్లే వస్తుంది కనుక, మేము తెచ్చిన పిండి బస్తా, ఉల్లిపాయలు చూసి ఆ ఇంటి పెద్దావిడ ముందు వాటిని లెక్కబెట్టి లోపల పెట్టించి, ఆ తరువాతే మమ్మల్ని పలకరించింది. భోజనానికి చిలుక చేప, అన్నం, ఆఖర్న ఐస్‌క్రీము. ఈ చేపలు ఎగుమతి చేసి సంపాదించడం వల్ల అక్కడ ప్రతి ఇంట్లో పెద్ద పెద్ద ఫ్రీజర్లు ఉన్నాయి. గట్టు చేపల్లో కొన్నిచోట్ల సిగ్వటెరా అనే విషం చేరుతుంది, వండినా చావదు, రుచికి తెలియదు. ఏ దీవిలో ఏ చేప తినవచ్చో అక్కడివాళ్ళను అడిగి తినడమే పద్ధతి. తమ గట్టు చేపలకు ఆ దోషం లేదని ఇంటి పెద్ద చెప్పాడు, తన మనవడికి పెడుతూ.

ఆదివారం చర్చి అయ్యి భోజనాలకు కూర్చున్నాక ఆయన ఆకాశం వైపు చూసి, గాలి ఉత్తరానికి జరుగుతోంది, రాత్రికి పడమట పడుతుంది, చీకటి పడకముందే వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళమనడానికి మొహమాటపడలేదు, మేమూ నొచ్చుకోలేదు. పళ్ళాలు సగంలో ఉండగానే లేచాం. గట్టు దాటించి మా పడవ ఎక్కిస్తూ గడ్డకట్టిన చిలుక చేపల సంచులు చేతికిచ్చాడు. పడమటనున్న నియూయే దీవి వైపు సాగుతూ, గాలి మళ్ళీ ఆగ్నేయానికి తిరిగి పొయ్యి మీద గిన్నె నిలిచిన రోజున, ఆక్లండ్ నుంచి వెంట తెచ్చుకున్న చింతపండుతో వాటిని పులుసు పెట్టాను. కెప్టెన్ భార్య కారానికి కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకుంది. నియూయే కనబడేలోపే సంచులన్నీ ఖాళీ అయ్యాయి.